సన్ జు యుద్ధతంత్రం, చైనా వైద్యం: రెండూ పక్కపక్కన పెట్టుకుని ఎలా చదవాలి

చైనా వైద్యం గురించి తెలుసుకుందామని కూర్చున్నవాళ్ళు చాలామంది యిన్ అంటే ఏంటి, యాంగ్ అంటే ఏంటి, ప్రాణశక్తి ఎక్కడ తిరుగుతుంది అనే నిర్వచనాల దగ్గరే చిక్కుకుపోయి పుస్తకం మూసేస్తారు. నేనైతే యుద్ధం వైపు నుంచి రమ్మంటాను. ఎందుకంటే యుద్ధానికీ వైద్యానికీ ఈ పోలిక ఇప్పటివాళ్ళు ఎవరో అతికించింది కాదు, రెండు వేల ఏళ్ళ కిందటి వైద్యులే తమ గ్రంథంలో నేరుగా రాసుకున్నారు.

ముందు ఏం దగ్గర పెట్టుకోవాలో చెప్తాను. ప్రాచీన చైనా యుద్ధనిపుణుడు సన్ జు రాసిందని చెప్పే యుద్ధతంత్ర గ్రంథం 13 అధ్యాయాలే, చాలా చిన్నది, లయనెల్ గైల్స్ 1910లో చేసిన ఇంగ్లిష్ అనువాదం నెట్‌లో ఫ్రీగా దొరుకుతుంది. అందులో ఇప్పటికి 3, 4, 6, 7 అధ్యాయాలు చాలు. వైద్యం వైపు హువాంగ్డి నెయ్ జింగ్ అనే పెద్ద గ్రంథం ఉంది, సు వెన్, లింగ్ షు అని రెండు భాగాలు, ఒక్కోదాంట్లో 81 అధ్యాయాలు. మొత్తం చదవాలని దిగొద్దు, మధ్యలోనే వదిలేస్తారు. సు వెన్‌లో 2, 8, 35, లింగ్ షులో 18, 55 తీసుకోండి. వీటితో పాటు షు దాచున్ అనే వైద్యుడు (1693–1771) రాసిన ఒక చిన్న వ్యాసం, దాని సంగతి కింద చెప్తాను.

మొదట తెరవాల్సింది లింగ్ షు 55. అందులో యుద్ధశాస్త్రం మాట ఒకటి, సూదివైద్యం మాట ఒకటి పక్కపక్కనే పెట్టారు. ఉప్పెనలా మీదికొచ్చే సేనకి ఎదురెళ్ళొద్దు, బారులు తీరి నిండుగా నిలబడ్డ వ్యూహాన్ని కొట్టొద్దు అని యుద్ధశాస్త్రం చెప్తోంది, అలాగే జ్వరం మండిపోతున్నప్పుడు సూది పెట్టొద్దు, చెమటలు కారిపోతున్నప్పుడు పెట్టొద్దు, నాడి గందరగోళంగా ఉన్నప్పుడు పెట్టొద్దు అని. ఇది చదివాక వెంటనే సన్ జు 7వ అధ్యాయానికి వెళ్ళండి. పొద్దున సైనికుల ఉత్సాహం పదునుగా ఉంటుంది, మధ్యాహ్నానికి సడలుతుంది, సాయంత్రానికి మనసు ఇంటి మీదికి పోతుంది, కాబట్టి పదునున్నప్పుడు తప్పుకో, సడలినప్పుడు కొట్టు అంటాడు. రెండు చోట్లా అసలు విషయం టైమింగే. శత్రువు ఎంత బలవంతుడు అన్నది కాదు, ఈ గంటలో ఎంత బలంగా ఉన్నాడు అన్నదే చూస్తున్నారు.

ఇక్కడ తొందరపడకండి, సు వెన్ 35 కూడా తెరవండి. అది చలిజ్వరం గురించిన అధ్యాయం, మలేరియాలాగా వచ్చి తగ్గి మళ్ళీ వచ్చే జ్వరాలు ఉంటాయి కదా అవి. జ్వరం విరుచుకుపడ్డాక వైద్యుడు చేయగలిగింది లేదు, అది రాకముందు ఉన్న విరామంలోనే శరీరాన్ని సర్దాలి అని చెప్తుంది. పైన చెప్పిన సూది నియమమే ఇక్కడ ఒక నిజమైన రోగం మీద కనిపిస్తుంది, నాకు ఈ మొత్తం చదువులో బాగా నచ్చిన చోటు ఇదే. లింగ్ షు 55 చివర్లో వైద్యుల్ని గ్రేడ్ చేసింది కూడా దీన్నిబట్టే: అందరికన్నా గొప్పవాడు రోగం పుట్టకముందే సూది పెడతాడు, ఆ తర్వాతివాడు ముదరకముందు, మూడోవాడు తగ్గుముఖం పట్టాక.

ఆ మెట్లని సన్ జు 3వ అధ్యాయంతో కలిపి చూడండి. శత్రువు పన్నాగాన్ని చెడగొట్టడం ఉత్తమం, తర్వాత అతని పొత్తుల్ని విడగొట్టడం, ఆ తర్వాత సేనతో తలపడటం, కోట మీద పడటం అన్నిటికన్నా అధమం. సు వెన్ 2వ అధ్యాయం ఇదే మాటని వైద్యంలో చెప్తుంది, రోగం వచ్చాక మందివ్వడం అంటే దాహం వేశాక బావి తవ్వడం, పోరు మొదలయ్యాక ఆయుధాలు పోత పోయడం లాంటిదే అని.

ఇప్పుడు చాలామంది పొరబడే చోటు. సన్ జు 6వ అధ్యాయం మొత్తం ఖాళీ, నిండు అనే రెండిటి మీద నడుస్తుంది: నిండుగా ఉన్నచోటు వదిలెయ్, ఖాళీగా ఉన్నచోట కొట్టు. చైనా వైద్యంలోనూ ఇవే రెండు మాటలు ఉన్నాయి కాబట్టి రెండూ ఒకటే అని రాసేస్తుంటారు, కానీ అలా నేరుగా అతకదు. వైద్యుడు ఖాళీని కొట్టడు, ఖాళీని నింపుతాడు, నిండుగా చేరిన చెడుని బయటికి లాగుతాడు. ఎందుకంటే ఇక్కడ యుద్ధం జరిగేది సొంత దేశంలో, ఆ ఖాళీ మనదే, శత్రువు దూరింది అందులోంచే. అందుకని ఖాళీ అన్న మాట కనపడ్డ ప్రతిచోటా ఎవరి ఖాళీ, రోగిదా రోగానిదా అని పెన్సిల్‌తో పక్కన రాసుకోండి. దీనికి సరైన జోడీ సన్ జు 4వ అధ్యాయం, ఓడిపోకుండా ఉండటం మన చేతుల్లో ఉంది, గెలిచే సందు మాత్రం శత్రువు ఇవ్వాలి అంటాడు. ముందు మన ఖాళీ పూడ్చుకోవాలి అనేది అక్కడుంది.

లింగ్ షు 18, సు వెన్ 8 త్వరగా చదివేయొచ్చు. మొదటిదాంట్లో రక్షకశక్తి కాపలా తిరిగినట్టు నాళాల బయట తిరుగుతుంది, పగలు 25 చుట్లు, రాత్రి 25 చుట్లు. రెండోదాంట్లో అవయవాలు ఒక రాజ్యంలో ఉద్యోగులు, గుండె రాజు, కాలేయం సేనాపతి, ఎత్తుగడలన్నీ కాలేయం నుంచే వస్తాయట.

ఇవన్నీ అయ్యాకే షు దాచున్ వ్యాసానికి రండి. ముందే చదివితే ఏదో అలంకారంగా రాశాడులే అనిపిస్తుంది, మూలాలు చదివాక చూస్తే ఒక్కో వాక్యం వెనక ఏముందో తెలుస్తుంది. మందు వాడటం సేనని వాడటం లాంటిది అన్నది దాని విషయం, 1757లో వచ్చిన ఆయన వ్యాస సంపుటిలో ఉంది. ఒక నోట్‌బుక్‌లో రెండు కాలమ్స్ గీసి ఎడమవైపు యుద్ధం, కుడివైపు చికిత్స రాసుకుంటూ చదవండి. ఆయన పోలికలు ఇలా ఉంటాయి: రోగం ఒక నాళం నుంచి ఇంకో నాళానికి పాకుతుంటే అది ఇంకా చేరని చోటుని ముందే పట్టుకోవాలి, అది శత్రువు దారి కొయ్యడం. అరగని తిండి కడుపులో ఉండగా జబ్బు చేస్తే ముందు ఆ తిండిని తీసెయ్యాలి, అది శత్రువు తిండిగింజలు తగలబెట్టడం. పాత జబ్బు కొత్త జబ్బుతో కలవకుండా చూడాలి, అది లోపలి ద్రోహుల్ని తెంచేయడం. రోగం పెరుగుతున్నప్పుడు దాని తీవ్రతకి ఎదురెళ్ళకుండా మూలశక్తిని కాపాడుకుంటూ రోగాన్నే అలిసిపోనివ్వాలి, తగ్గుతున్నప్పుడు మాత్రం గుహ దాకా తరిమి కొట్టాలి. సన్ జు 13 అధ్యాయాల్లో వైద్యపద్ధతి అంతా ఉంది అని చివరికి తేల్చేస్తాడు.

ఆ ఆఖరి మాటతో నేను పూర్తిగా ఒప్పుకోను. గుహ దాకా తరమమని ఈయన అంటే, చుట్టుముట్టిన సేనకి ఒక దారి వదలమని, దిక్కులేక తెగించినవాణ్ణి మరీ ఒత్తిడి చేయొద్దని సన్ జు 7లో అంటాడు. శత్రుశేషం, ఋణశేషం ఉంచకూడదని వింటూ పెరిగిన మనకి షు దాచునే దగ్గరగా అనిపిస్తాడు. ఎందుకీ తేడా? ఓడిన సేనని రేపు మన ప్రజల్లో కలుపుకోవచ్చు, రోగాన్ని కలుపుకోలేం కదా. అయితే దారి వదలడం వైద్యంలో అసలు లేదని కాదు, పైపైన ఉన్న జబ్బుని చెమట పట్టించి బయటికి పంపడం అలాంటిదే అని నాకు అనిపిస్తుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది ఆ వైద్యులు ఎలా ఆలోచించారో అర్థం చేసుకోవడానికి మాత్రమే, ఏ మందు పనిచేస్తుంది అన్నదానికి రుజువు కాదు, దయచేసి దీన్ని చూసి మూలికలు కొని వాడకండి. చెమట పట్టించడానికి వాడే మా హువాంగ్ అనే మూలికలో ఎఫెడ్రిన్ అనే పదార్థం ఉంటుంది, బీపీ పెంచుతుంది, గుండెకి ప్రమాదం, అమెరికాలో 2004లో దానితో చేసిన సప్లిమెంట్స్‌ని నిషేధించారు. షు దాచున్ కూడా వ్యాసం మొదట్లోనే జిన్సెంగ్, అతిమధురం లాంటివి సైతం తప్పుగా వాడితే విషమేనని, గత్యంతరం లేనప్పుడే సేనని కదిపినట్టు గత్యంతరం లేనప్పుడే మందుకి వెళ్ళాలని రాశాడు.

ఇంకా ఆసక్తి ఉంటే జాంగ్ జియెబిన్ (1563–1640) దగ్గరికి వెళ్ళండి. వయసులో ఉన్నప్పుడు సైన్యంలో తిరిగొచ్చిన వైద్యుడాయన, మూలికలు కలిపి చేసే మందుల యోగాలన్నిటినీ ఎనిమిది వ్యూహాల కింద సర్దాడు: నింపేవి, సమన్వయం చేసేవి, దాడి చేసేవి, చెదరగొట్టేవి, చల్లబరిచేవి, వేడి చేసేవి, బిగించేవి, సందర్భాన్నిబట్టి వాడేవి. మీ నోట్‌బుక్‌లో కుడివైపు కాలమ్‌లో రాసుకున్న ఒక్కో చికిత్సా ఈ ఎనిమిదిలో ఎందులోకి వస్తుందో గుర్తుపెట్టి చూడండి, కొన్ని రెండేసి వ్యూహాల్లోకి వస్తాయి, వాటి దగ్గర ఎక్కువసేపు ఆగండి.