పెరట్లో వసంతం: ఆకుకు చిల్లు పడితే ముందు ఎవరు తిన్నారో చూడండి

పంచాంగంలో వసంతమంటే చైత్ర, వైశాఖాలు. మన పెరట్లో అది రథసప్తమి దాటగానే మొదలై, ఉగాది పచ్చడి తిన్న పది రోజులకు ఎండలో కలిసిపోతుంది. ఈ కాస్త వ్యవధిలోనే మల్లె మొగ్గ తొడుగుతుంది, తేనెపిట్ట గూడు కడుతుంది, మొక్కలు పెంచేవారికి కంగారు పుడుతుంది. ఆకు కొంచెం నలిగినా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఏ మందు కొట్టాలి? కొన్నేళ్ళ కిందట నేనూ అదే అడిగాను, కొట్టాను కూడా. ఆ ఏడాది మా కరివేపాకు నిగనిగలాడింది. పెరట్లో ఒక్క సీతాకోకచిలుక కూడా ఎగరలేదు.

కరివేపాకు, నిమ్మ ఆకులు రోజురోజుకూ మాయమవుతున్నాయి

కొమ్మను దగ్గరికి లాగి చూడండి. ఆకు మీద పిట్ట రెట్ట లాంటిది కనిపిస్తే వేలితో మెల్లగా తాకండి. తల వెనక నుంచి నారింజ రంగులో రెండు మెత్తని కొమ్ములు బయటికొచ్చి ఘాటైన వాసన కొడితే అది రెట్ట కాదు, నిమ్మజాతి చెట్ల మీద పెరిగే సీతాకోకచిలుక తాలూకు గొంగళిపురుగు. పక్షుల కన్ను తప్పించుకోవడానికి దానిది ఆ వేషం. పెరిగాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది.

చెట్టు పెద్దదైతే చేయవలసింది ఏమీ లేదు. రెండు మూడు వారాల్లో దాని తిండి దశ ముగుస్తుంది, చెట్టు మళ్ళీ చిగురిస్తుంది. మొక్క జానెడే ఉంటే, పురుగును ఆకుతో సహా తుంచి అదే జాతి పెద్ద చెట్టు మీదికి చేర్చండి. లేత మొక్కకు ఏడాదిపాటు పాత దోమతెర గుడ్డ కప్పి ఉంచితే గుడ్డు పెట్టే అవకాశమే ఉండదు. కూరలోకి ఆకు కావాలి కదా అంటారా? మా ఇంట్లో ఒక మొక్క వంటకు, ఒక మొక్క పురుగులకు. పంపకం ఇప్పటికీ సాఫీగానే సాగుతోంది.

నందివర్ధనం, గన్నేరు మీద బొటనవేలంత లావున, మెడ దగ్గర నీలి కళ్ళ లాంటి మచ్చలతో కనిపించే పచ్చ పురుగును చూసి జడుసుకోకండి. అది ఒక పెద్ద రాత్రి చిమ్మట పిల్ల. కుట్టదు, కరవదు.

పూలు విరగబూసినా సీతాకోకచిలుకలు నిలవడం లేదు

దీనికి రెండు కారణాలు. మొదటిది, నర్సరీలో చూడముచ్చటగా కనిపించే ముద్దపూలు. ముద్ద మందారంలో కేసరాలు, బాగా ముద్దకట్టిన బంతిలో నడిమి బుల్లి పూలు రేకులుగా మారిపోయి ఉంటాయి. పుప్పొడి తక్కువ, తేనె దాకా దారి ఇరుకు. అతిథికి ఖాళీ విస్తరి వేసినట్టే. వాటి పక్కన రెక్క మందారం, నూరు వరహాలు, కనకాంబరం, అడ్డసరం పెట్టి తేడా చూడండి.

రెండో కారణం దీనికంటే పెద్దది. సీతాకోకచిలుక తేనె ఏ పువ్వులోనైనా తాగుతుంది గానీ, గుడ్లు మాత్రం తన పిల్లలు తినగల ఆకు మీదే పెడుతుంది. ఆ ఆకు లేని పెరడు దానికి దారిలో టీ కొట్టు లాంటిది, తాగి వెళ్ళిపోతుంది. తంగేడు, రేల ఉంటే లేత పసుపు, తెలుపు రెక్కలవి వస్తాయి. జిల్లేడు మీద నారింజ రెక్కలవి, ఆముదం మీద గోధుమ రంగువి పెరుగుతాయి. ఈశ్వరి తీగ పాకిస్తే నల్లని రెక్కలు, ఎర్రని ఒళ్ళు గలవి దాన్ని వెతుక్కుంటూ వస్తాయి. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, ఈశ్వరి విషమొక్క. పసిపిల్లలున్న ఇంట్లో ఈ రెండూ గోడ అవతలే మంచివి.

సీతాకోకచిలుకల కోసం లాంటానా నాటమని సలహా ఇచ్చేవారున్నారు. అది అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి వచ్చి మన అడవుల్లో మేత మొక్కలను మింగేసిన పొద. దయచేసి వద్దు.

ఉగాదికి నాటిన నాటు మొక్క నెలలోపే ఎండిపోయింది

"మన నేల మొక్కే కదా, నీళ్ళు అక్కర్లేదు" అనుకోవడం దగ్గరే పొరపాటు. గుట్ట మీద తంగేడు వైశాఖపు ఎండకు చలించదంటే, దాని వేరు ఏళ్ళ తరబడి లోతుకు దిగి ఉంది. మీరు తెచ్చిన మొక్క నర్సరీలో పచ్చని నీడవల కింద, చెంబంత సంచిలో పెరిగింది. దాని వేరు ఇంకా సంచి మట్టిని దాటలేదు. మార్చిలో దాన్ని తెచ్చి ఎండలో నిలబెడితే ఏమవుతుంది?

మన దగ్గర వసంతం విత్తనాలు ఏరుకోవడానికి, కుండీల్లో మొలకెత్తించడానికి కాలం. నేలలో నాటడానికి మృగశిర కార్తె దాకా ఆగండి, జూన్‌లో తొలకరి పడ్డాక. ఇప్పటికే నాటేసి ఉంటే మొదలు చుట్టూ నాలుగు వేళ్ళ మందాన ఎండుటాకులు పరిచి (కాండానికి మాత్రం ఆనకూడదు), సాయంత్రం వేళ మొదట్లో నిదానంగా నీళ్ళు పోసి, పడమటి వైపు గోనెపట్టా కట్టండి. రోజూ చెంబెడు నీళ్ళు పోయడం కంటే రెండు మూడు రోజులకోసారి బిందెడు పోయడం మేలు. పైపైన తడిపితే వేరు పైకే చూస్తుంది.

విత్తనమే మొలవకపోతే అది పుచ్చు విత్తనమని తీర్మానించకండి. తంగేడు, రేల, శంఖుపుష్పం గింజల తోలు నీటిని లోపలికి రానివ్వనంత గట్టిది. ఒక పక్క గరుకు కాగితంతో రుద్ది, రాత్రంతా నీళ్ళలో నానబెట్టండి. ఉబ్బిన గింజను నాటి, ఉబ్బనిదాన్ని మళ్ళీ రుద్దండి.

మల్లె గుబురుగా ఉంది, మొగ్గ లేదు

మల్లె కొత్త చిగుళ్ళ మీదే పూస్తుంది. నవంబరు చివర నీళ్ళు తగ్గించి, డిసెంబరులో మోకాలి ఎత్తుకు కత్తిరించి, పశువుల ఎరువు వేసి నీళ్ళు పెడితే ఫిబ్రవరి, మార్చి నెలల్లో మొగ్గ వస్తుంది. మనసొప్పక కత్తిరించనివారికి దక్కేది ఆకుల గుబురే. ఇప్పుడు మొదలంటా నరకవద్దు, కొమ్మల కొసలు మాత్రం తుంచండి. పూత ఆలస్యంగానైనా వస్తుంది. మొగ్గలు ఊదారంగుకు తిరిగి, చిన్న చిల్లుతో రాలిపోతుంటే అది మొగ్గ తొలిచే పురుగు. వాటిని రోజూ ఏరి దూరంగా పారేయండి.

పూత పూస్తోంది, కాయ నిలవడం లేదు

గుమ్మడి, సొర తీగలకు ముందు మగపూలే వస్తాయి, పది రోజులు ఓపిక పట్టండి. ఆడపువ్వు కింద బుల్లి కాయ ఉంటుంది. అది కూడా రాలిపోతుంటే పుప్పొడి అందలేదన్నమాట. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుంటుంది, సొర పువ్వు సాయంత్రం విచ్చుకుని చిమ్మటల కోసం చూస్తుంది. కాబట్టి మగపువ్వు తుంచి ఆడపువ్వుకు అద్దే పని గుమ్మడికి ఉదయం, సొరకు పొద్దుగూకాక.

వంగ, టమాటా సంగతి వేరు. వాటి పుప్పొడి గొట్టాల్లాంటి కేసరాల్లో దాగి ఉంటుంది. పువ్వును పట్టుకుని ఝుమ్మని అదిలిస్తే తప్ప బాగా రాలదు. తేనెపట్టు ఈగలకు ఆ విద్య రాదు. తుమ్మెదకు, ఒంటరిగా తిరిగే నీలి చారల ఈగకు వచ్చు. తుమ్మెద ఎండు కర్రలో, ఎండు వెదురులో తొలుచుకుని ఉంటుంది, నీలి చారల ఈగ మట్టిలో. పెరడంతా సిమెంటు చేయించి, ఎండుకొమ్మలన్నీ ఊడ్చేసి, తుమ్మెదలు రావడం లేదంటే ఎలా? ఒక మూల రెండు చదరపు అడుగుల నేలను తవ్వకుండా, పరచకుండా వదలండి. ఒక వెదురు ముక్క వేలాడదీయండి. అవి వచ్చేదాకా ఉదయం పూట పూలకొమ్మను వేలితో తట్టండి.

చిగుళ్ళకు పేనుబంక

గట్టి నీటి ధారతో మూడు రోజులు కడగండి. వాటి మధ్య తిరిగే, ముళ్ళ మొసలిలా ఉండే నల్ల పురుగును చంపకండి, అది అక్షింతల పురుగు పిల్ల, పేనుబంకే దాని భోజనం. తప్పదనుకుంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి పొద్దువాలాక చల్లండి.

తేనెపిట్ట కిటికీ అద్దాన్ని పొడుస్తోంది, కట్టిన గూడు వదిలేసింది

అద్దంలో దానికి కనిపించేది పోటీదారు. గుడ్లు పెట్టే కాలమంతా ఆ యుద్ధం సాగుతుంది. అద్దానికి బయటి వైపు పాత చీర కట్టండి, లోపలి పరదా సరిపోదు. గూడు వదిలేయడానికి కారణం ఎక్కువగా మనమే: రోజుకు పదిసార్లు ఫోను పెట్టి ఫొటోలు, గూటి పక్క కొమ్మ కత్తిరింపు. పిల్లలు ఎగిరేదాకా నాలుగైదు వారాలు అటు వెళ్ళకండి.

నీటి పళ్ళెం దగ్గరికి పిట్టలు రాకపోతే లోతు చూడండి. రెండు వేళ్ళ లోతు చాలు, మధ్యలో ఒక రాయి ఉండాలి, పిల్లి నక్కే పొద పక్కన ఉండకూడదు. నీళ్ళు రోజూ పారబోసి పళ్ళెం తోమితే దోమల బెడద ఉండదు.

కోతులకు మాత్రం నా దగ్గర మందు లేదు. వల కడితే చిటికెనవేలు దూరనంత సన్నని కన్ను చూసుకుని బిగించి కట్టండి. వదులుగా వేలాడే వలలో కోతి పడదు, తేనెపిట్టలు, జెర్రిపోతులు పడతాయి.