చట్టం మనమే పెడదాం – మూడో పాఠం: పనికొచ్చే సంతకం

మొదటి పాఠంలో చట్టం ముసాయిదా రాసుకున్నాం. రెండో పాఠంలో దాన్ని రెండు వేల డాలర్ల రుసుముతో కాలిఫోర్నియా అటార్నీ జనరల్‌కి పంపి, వంద మాటలు మించని శీర్షిక, సారాంశం తెచ్చుకున్నాం. ఆ రోజు నుంచి మన గడువు 180 రోజులు. ఇక జనంలోకి వెళ్ళాలి.

ముందు ఒక అలవాటు వదిలించుకోవాలి. పిటిషన్ అనగానే మనకి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి పట్టుకెళ్ళే అర్జీ గుర్తొస్తుంది. అర్జీ మీద ఎంతమంది సంతకాలు పెట్టినా నిర్ణయం ఆఫీసరుగారిదే. ఇక్కడ కాలిఫోర్నియాలో 1911 నుంచీ ఓటర్లకి ఒక హక్కు ఉంది. సరిపడా సంతకాలు తెస్తే, శాసనసభకి ఇష్టమున్నా లేకపోయినా, చట్టాన్ని బ్యాలట్ మీద పెట్టి తీరాలి. అందుకే అర్జీలో ఎవరూ పట్టించుకోని చిన్న పొరపాట్లని ఇక్కడ భూతద్దం పెట్టి వెతుకుతారు.

మామూలు చట్టానికి కావలసింది, గడిచిన గవర్నరు ఎన్నికలో ఆ పదవికి పోలైన ఓట్లలో 5 శాతం. 2022 ఎన్నిక లెక్కన అది 5,46,651. రోజుకి 3,037 సంతకాలు, ఆదివారాలూ పండగలూ కలుపుకుని. అవన్నీ చెల్లే సంతకాలై ఉండాలి.

చెల్లేవో కాదో ఎలా తేలుస్తారంటే, ప్రతి కౌంటీలోనూ (మన జిల్లా లాంటిది) వచ్చిన వాటిలో 3 శాతమో, 500 సంతకాలో, ఏది ఎక్కువైతే అన్నిటిని చీట్లు తీసినట్టు ఏరి, ఓటర్ల జాబితాతో పోల్చి చూస్తారు. ఆ నమూనా నుంచి రాష్ట్రం మొత్తానికి అంచనా కడతారు. కావలసిన దాంట్లో 110 శాతం దాటితే నేరుగా పాస్. 95 శాతం కన్నా తక్కువైతే అక్కడితో సరి. మధ్యలో పడితే మొత్తం ఒక్కొక్కటే లెక్కపెడతారు. ఆ టెన్షన్ పడలేం కాబట్టి మన గురి 6,01,317. నాలుగింట మూడే చెల్లుతాయనుకుంటే ఎనిమిది లక్షల పైచిలుకు సేకరించాలి.

ఇందులో అందరూ దెబ్బతినేది ఒకే మనిషి రెండుసార్లు పెట్టిన సంతకం దగ్గర. పోతే ఒకటి పోతుంది, ఏముందిలే అనుకుంటాం. కానీ ఆ రెండు సంతకాలూ 3 శాతం నమూనాలోకే రావాలంటే అవకాశం వందకి మూడు, అందులో మళ్ళీ వందకి మూడు. అంటే పదివేలకి తొమ్మిది. అంత అరుదైన జంట ఒకటి కంటపడిందంటే, పడనివి వెయ్యికి పైగా ఉన్నాయని లెక్క. అందుకే అలాంటి జంట ఒక్కటి దొరికితే దాదాపు వెయ్యి సంతకాలు కోసేస్తారు. మొహమాటానికి రెండోసారి సంతకం పెట్టే పెద్దమనిషి మనకి చేసే ఉపకారం ఇదీ.

కాబట్టి చట్టం గొప్పతనం తరువాత, ముందు ప్రశ్నలు. నేను అడిగే వరస ఇది:

“అన్నయ్యగారూ, ఇదే కాగితం మీద ఇంతకుముందు ఎక్కడైనా సంతకం పెట్టారా?”
“లేదండీ.”
“ఓటరుగా నమోదయ్యారా? ఏ కౌంటీలో?”
“ట్రేసీలో ఉంటాం.”
“అయితే శాన్ వోకీన్ కౌంటీ కాగితం ఉన్న అట్ట ఇస్తాను, ఉండండి. నమోదయ్యాక ఇల్లేమైనా మారారా?”

కౌంటీ ఎందుకంటే, ఒక్కో కాగితం మీద ఒక్క కౌంటీ ఓటర్లే ఉండాలి. మనవాళ్ళు ఎక్కువగా కలిసే లివర్మోర్ శివ విష్ణు ఆలయం అలమీడా కౌంటీలో ఉంది. దర్శనానికి వచ్చేవాళ్ళలో శాన్ రమోన్ వాళ్ళది కాంట్రా కోస్టా, ట్రేసీ వాళ్ళది శాన్ వోకీన్, మిల్పిటాస్ వాళ్ళది శాంటా క్లారా. బేరం దొరికింది కదా అని అందరినీ ఒకే కాగితం మీద ఎక్కిస్తే సగం చెత్తబుట్టకే. పిల్లలు పరీక్షలకి పట్టుకెళ్ళే అట్టలు నాలుగు కొని, నాలుగింటికీ నాలుగు రంగుల చీటీలు అంటించండి. గుడి ఆవరణలో నిలబడాలంటే మాత్రం ముందు నిర్వాహకుల అనుమతి తీసుకోండి.

ఇల్లు మారినవాళ్ళది మరో చిక్కు. కాగితం మీద రాసే అడ్రసు, ఓటరు నమోదులో ఉన్న అడ్రసు ఒకటే కావాలి. దీనికి చట్టంలోనే దారి ఉంది. అదే రోజు ముందుగా నమోదు ఫారం నింపి, తరువాత పిటిషన్ మీద సంతకం పెట్టి, పిటిషన్ దాఖలయ్యే లోపు ఆ ఫారం కౌంటీ ఎన్నికల ఆఫీసుకి చేరితే సంతకం చెల్లుతుంది. నింపిన ఫారం మీ చేతికిస్తే మూడు పనిదినాల్లో అప్పగించాలి. సంచిలో ఈ ఫారాలు లేకుండా ఇల్లు కదలొద్దు.

పేరు, అడ్రసు ఓటరే స్వయంగా రాయాలి. “మా ఆవిడది నేను రాస్తాలెండి” అంటారు, ఆపండి. సంతకం కూడా నమోదప్పుడు పెట్టినట్టే ఉండాలి, పోల్చి చూస్తారు. పోస్టు బాక్సు నంబరు పనికిరాదు.

కాగితం చివర సేకరించినవాళ్ళ ప్రమాణం ఉంటుంది: ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు ప్రతి సంతకమూ నా కళ్ళెదుట పెట్టారు అని. అబద్ధమైతే నేరం. నా మొదటి వారాంతం తప్పు ఇక్కడే. ఒక కిరాణా కొట్టు కౌంటర్ మీద అట్ట వదిలేసి టిఫిన్‌కి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి 23 సంతకాలు! ఎంత సంబరపడ్డానో. ప్రమాణం చదివాక ఆ కాగితం మడిచి సొరుగులో పడేశాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

సంతకానికి సమోసా ఇవ్వడం కూడా నేరమే. డబ్బైనా, విలువైన ఇంకేదైనా ఆశ చూపకూడదు. కాగితం మీది అడ్రసులు రాసుకుని తరువాత చందాలు అడగకూడదు. చదువుతామంటే పూర్తిగా చదవనివ్వాలి.

పెద్ద మాల్ దగ్గర సెక్యూరిటీ వెళ్ళమంటే భయపడకండి. క్యాంప్‌బెల్‌లోని ప్రూన్‌యార్డ్ మాల్‌లో సంతకాలు సేకరిస్తున్న హైస్కూలు పిల్లల్ని బయటికి పంపితే ఆ కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1980లో పిల్లలే గెలిచారు. మాల్ వాళ్ళు సమయం, చోటు విషయంలో నియమాలు పెట్టొచ్చు, వాటిని పాటించండి. అయితే ఆ తీర్పు ప్రతి దుకాణం గుమ్మానికీ వర్తించదు, వాదనకి దిగొద్దు.

చాలామంది అడిగారు: గ్రీన్ కార్డు వాళ్ళం, మేమేం చేయగలం అని. సంతకం పెట్టలేరు. కానీ 18 నిండితే చాలు, సేకరించొచ్చు. మా జట్టులో అందరికన్నా శుభ్రమైన కాగితాలు తెచ్చేది ఓటు లేని ఒకావిడే.

అభ్యాసం. మీ దగ్గర అలమీడా కౌంటీ కాగితం ఉంది. మొదటి వరసలో శాన్ రమోన్ అడ్రసుతో ఒకావిడ. రెండో వరసలో సంతకం భర్తది, చేతిరాత భార్యది. మూడో వరసలో గతవారం ట్రేసీ నుంచి లివర్మోర్‌కి మారినాయన. ఆయన మీ ఎదుటే నమోదు ఫారం నింపి, తరువాత సంతకం పెట్టారు. ఆ ఫారం ఇంకా మీ సంచిలోనే ఉంది. ఏది చెల్లుతుంది? అది చెల్లేలా చేసుకోవడానికి మీరు రేపు పొద్దున్నే చేయాల్సిన పనేమిటి? జవాబులు నాలుగో పాఠంలో, 58 కౌంటీలకి కాగితాలు అప్పగించే పద్ధతితో పాటు.