ఊరి నుంచి తిరిగొచ్చాక మొదటి రెండు వారాలు

తెనాలిలో నెల రోజులుండి, అమెరికాలో డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో మా ఇంటి తలుపు తీయగానే ముందు తెలిసేది నిశ్శబ్దం. అక్కడ తెల్లారేసరికి కుక్కర్ విజిల్, పాలబ్బాయి కేక, వాకిట్లో చీపురు చప్పుడు. ఇక్కడ ఫ్రిజ్ మోత ఒక్కటే. మొదటిసారి నేను చెప్పులు కూడా విప్పకుండా సోఫాలో కూర్చుని ఏడ్చాను. అప్పట్నుంచి ప్రతి ట్రిప్పుకీ కొంత నేర్చుకుంటూ వచ్చాను. మనసుకి సర్దిచెప్పుకోవడం తర్వాత, ముందు ఒంటికీ ఇంటికీ కావాల్సినవి చూడండి, బెంగ సగం అక్కడే తగ్గుతుంది.

టికెట్ కొనేటప్పుడే గురువారమో శుక్రవారమో దిగేలా చూసుకోండి. ఆదివారం రాత్రి దిగి సోమవారం మీటింగ్‌లో కూర్చుంటే మధ్యాహ్నానికి ఎదుటివాళ్లు ఏం మాట్లాడుతున్నారో కూడా బుర్రకెక్కదు. ఎయిర్‌పోర్టులో ఇక్కడి కస్టమ్స్ వాళ్లు తిండి సామాను ఉందా అని అడిగితే ఉందని చెప్పేయండి. ఆవకాయ, కారప్పొడులు, అరిసెలు సాధారణంగా ఆపరు. చికెన్ పచ్చడి, పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు, బియ్యం అసలు పెట్టుకోవద్దు. పొరపాటున ఏదైనా ఉన్నా ముందే చెబితే అది తీసుకుని మనల్ని పంపేస్తారు, దాచి దొరికితేనే జరిమానా.

పెట్టెలు ఆ రాత్రే విప్పండి, ఎంత నిద్రొస్తున్నా సరే. వారం రోజులు హాల్లో పడి ఉన్న పెట్టె చూసినప్పుడల్లా ఊరే గుర్తొస్తుంది. మా అమ్మ ఆవకాయ డబ్బాకి మూడు పొరలు టేపు వేసి, పైన కవరు, దాని మీద తన పాత నేత చీర ముక్క చుట్టి ముడేస్తుంది. అయినా నూనె కాస్త ఊరుతుంది, ఆ గుడ్డ అంతా ఆవపిండి వాసన. పచ్చడి వెంటనే గాజు సీసాలోకి మార్చి, ముక్కల మీద నూనె తేలేలా చూసి, తడి గరిటె తగలనివ్వకండి. ఆ గుడ్డని నేను పారేయను, ఉతికి వంటింట్లో వాడుకుంటాను.

నిద్ర సంగతి. ఇండియాకీ ఇక్కడికీ టైము తేడా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. పగలు రాత్రి తారుమారైనట్టే, కుదుటపడటానికి వారం పది రోజులు పడుతుంది. పగలు బయట వెలుతురులో నడవండి, మధ్యాహ్నం కునుకు అరగంట దాటనివ్వకండి. పిల్లలు రాత్రి 3 గంటలకి లేచి ఆకలంటే తిట్టకండి, పెద్ద లైట్లు వేయకుండా ఇంత పెరుగన్నం పెట్టి మళ్లీ పడుకోబెట్టండి. మొదటి రెండు రోజులు కారు జోలికి పోకపోతే మంచిది, నిద్రమత్తుకి తోడు అక్కడ ఎడమవైపు బండి నడిపిన అలవాటు కూడా ఉంటుంది.

ఆ వారంలోనే ఆన్‌లైన్‌లో మీ ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) తెరిచి తేదీ చూసుకోండి. హెచ్1బీ ఉద్యోగ వీసా వాళ్లు ముఖ్యంగా. పాస్‌పోర్టు గడువు ముందే అయిపోతుంటే అక్కడిదాకానే తేదీ ఇస్తుంటారు, అప్రూవల్ కాగితం మీదున్న తేదీ చూసి ధీమాగా ఉండిపోతే పెద్ద చిక్కు. ఇండియా సిమ్ రీఛార్జ్ కూడా మర్చిపోకండి, బ్యాంకు ఓటీపీలన్నీ దానికే.

వచ్చిన కొన్ని వారాల్లో జ్వరమొస్తే ప్రయాణం బడలిక అని వదిలేయకండి. డాక్టర్‌కి ఇండియా వెళ్లొచ్చామని మీరే చెప్పండి. డెంగీ, మలేరియా, టైఫాయిడ్ ఇక్కడి వాళ్లకి వెంటనే తట్టకపోవచ్చు.

ఇక ఇంటి మీద బెంగ. ఉద్యోగం మానేసి వెళ్లిపోదాం అనిపిస్తుంది, నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. ఆ ఆలోచన తప్పు కాదు, కానీ నిద్ర కుదుటపడే దాకా నిర్ణయం తీసుకోకండి. పిల్లలు తాతయ్య దగ్గర పట్టుకొచ్చిన తెలుగుని మాత్రం వదలనివ్వకండి, ఆ ఊపు మీదున్నప్పుడే అన్నం దగ్గర తెలుగులోనే మాట్లాడండి.

అమ్మకి ఫోన్ కుదిరినప్పుడు కాకుండా ఒక టైము పెట్టుకుని చేయండి. మాది శనివారం పొద్దున 8 గంటలు, అమ్మకి సాయంత్రం ఆరున్నర, దీపం పెట్టి కూర్చుంటుంది. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారం గంట వెనక్కి తిప్పుతారు కదా, ఆ సంగతి ముందు వారమే చెప్పండి. ఒక ఏడాది నేను చెప్పలేదు, గంటసేపు ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుందట.