సాఫ్ట్‌వేర్ సముదాయాల మెయిలింగ్ లిస్టుల్లో ఎలా చేరాలి, ఎలా రాయాలి?

లైనక్స్ కెర్నెల్‌కు (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగానికి) ఒక సవరణ పంపాలన్నా, లైనక్స్ ఆధారంగా తయారైన డెబియన్‌లో ఒక ప్యాకేజీ (ఇన్‌స్టాల్ చేసుకునే సాఫ్ట్‌వేర్ మూట) గురించి చర్చించాలన్నా, అపాచీ ఫౌండేషన్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో ఒక కొత్త విడుదలపై ఓటు వేయాలన్నా ఆ పని ఈనాటికీ ప్రధానంగా ఈమెయిలు ద్వారానే జరుగుతుంది. మెయిలింగ్ లిస్టు అంటే ఒక ఉమ్మడి చిరునామా. దానికి పంపిన ఉత్తరం లిస్టులో చేరిన వారందరికీ వెళ్తుంది, దాని నకలు ఒకటి బహిరంగ ఆర్కైవ్‌లో (పాత ఉత్తరాలన్నీ దాచి ఉంచే వెబ్ భండారంలో) చేరి ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. కొత్తవారు మొదటి సంగతిని గుర్తుంచుకుంటారు కానీ రెండోదాన్ని మరిచిపోతారు. మీ ఉత్తరాన్ని ఈ రోజు చదివేవారి కంటే, అదే సమస్యతో ఎప్పుడో వెతుక్కుంటూ వచ్చి చదివేవారే ఎక్కువమంది కావచ్చు. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతుల్లో చాలావాటికి కారణం ఇదే.

ముందు లిస్టును ఎంచుకోండి

ప్రతి పెద్ద ప్రాజెక్టుకూ ఒకటి కాదు, అనేక లిస్టులు ఉంటాయి. డెబియన్‌నే తీసుకుంటే, వాడుకలో ఎదురయ్యే ఇబ్బందులకు డెబియన్-యూజర్ ఉంది, వ్యవస్థను తీర్చిదిద్దే వారి చర్చలకు డెబియన్-డెవెల్ ఉంది, ప్యాకేజీలు తయారుచేయడం నేర్చుకునే వారి కోసం డెబియన్-మెంటర్స్ ఉంది. డెబియన్-సెక్యూరిటీ-అనౌన్స్ వంటివి ప్రకటనల లిస్టులు, వాటిలో చర్చ ఉండదు. వైఫై పనిచేయడం లేదన్న ప్రశ్నను డెబియన్-డెవెల్‌కు పంపితే, అది తప్పు చోటని మర్యాదగా చెప్పడం తప్ప అక్కడివారు చేయగలిగింది పెద్దగా ఉండదు.

లైనక్స్ కెర్నెల్ ప్రధాన లిస్టుకు రోజూ వందల ఉత్తరాలు వస్తాయి కాబట్టి కొత్తవారు నేరుగా అందులో చేరడం నేను సిఫారసు చేయను. కెర్నెల్ సోర్సులో మెయింటైనర్స్ అనే ఫైలు ఉంటుంది. ఏ భాగాన్ని ఎవరు చూసుకుంటున్నారో, దాని లిస్టు ఏదో అందులో రాసి ఉంటుంది. మీకు కావలసిన భాగానికి సంబంధించిన చిన్న లిస్టును ఎంచుకుంటే చాలు. ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే, చేరకముందే ఆర్కైవ్‌ను తెరిచి ఒక నెల ఉత్తరాలు చదివి చూడడం. ఎలాంటి ప్రశ్నలకు ఎలాంటి జవాబులు వస్తున్నాయో, ఆ లిస్టు మీకు సరిపోతుందో లేదో దీంతో తేలిపోతుంది.

చేరడం, బయటికి రావడం

చేరే పద్ధతి లిస్టును నడిపే సాఫ్ట్‌వేర్‌ను బట్టి కొద్దిగా మారుతుంది. డెబియన్ లిస్టులకైతే లిస్టు చిరునామాలో @ గుర్తుకు ముందున్న పేరు పక్కన ఒక హైఫన్, ఆపై రిక్వెస్ట్ అనే పదం చేర్చితే వచ్చే చిరునామాకు, సబ్జెక్టు గడిలో సబ్‌స్క్రైబ్ అనే ఒక్క పదం పెట్టి ఖాళీ ఉత్తరం పంపాలి. ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి. కాసేపటికి నిర్ధారణ కోరుతూ ఒక ఉత్తరం వస్తుంది, దానికి జవాబిచ్చాకే మీరు చేరినట్టు. ఆ ఉత్తరం స్పామ్‌లోకి పోవడం మామూలే కనుక అక్కడ కూడా వెతకండి. మెయిల్‌మ్యాన్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే లిస్టులకు వెబ్‌పేజీలోనే ఒక ఫారం ఉంటుంది.

చేరే రోజే బయటికి వచ్చే దారి కూడా తెలుసుకోండి. అదే రిక్వెస్ట్ చిరునామాకు, సబ్జెక్టులో అన్‌సబ్‌స్క్రైబ్ అని పెట్టి, ఏ చిరునామాతో చేరారో దానినుంచే పంపాలి. ఉద్యోగం మారి పాత చిరునామా పోయినవారు ఇక్కడే చిక్కుకుంటారు కాబట్టి ఆఫీసు చిరునామాతో కాక సొంత చిరునామాతో చేరడం మేలు. లిస్టునుంచి వచ్చే ప్రతి ఉత్తరపు హెడర్లలోనూ (ఉత్తరంతో పాటు వచ్చే సాంకేతిక వివరాల్లో) బయటికి వచ్చే పద్ధతి ఉంటుంది. ఆ విన్నపాన్ని పొరపాటున లిస్టు చిరునామాకే పంపితే అది వేలమందికి చేరుతుంది కానీ మీ పేరు మాత్రం లిస్టులో అలాగే ఉంటుంది.

చేరిన వెంటనే ఒక ఫిల్టరు పెట్టుకోండి. లిస్టు ఉత్తరాలకు లిస్ట్-ఐడీ అనే గుర్తు ఉంటుంది. దాని ఆధారంగా అవన్నీ విడిగా ఒక ఫోల్డరులోకి, జీమెయిల్‌లోనైతే ఒక లేబుల్ కిందికి వెళ్లేలా చేయవచ్చు. ఈ చిన్న పని చేయకపోవడం వల్ల, ఇన్‌బాక్స్ నిండిపోయి వారం తిరగకుండానే లిస్టు వదిలేసిన వారిని చాలామందిని చూశాను.

మొదటి ఉత్తరం

ఇంజనీరింగ్ విద్యార్థులు ఈ లిస్టులకు రాసే మొదటి ఉత్తరం చాలాసార్లు ఒకే తీరుగా ఉంటుంది. ‘గౌరవనీయులైన సర్’ అని మొదలై, కళాశాల పేరు, చదువుతున్న సంవత్సరం, తెలిసిన ప్రోగ్రామింగ్ భాషలు చెప్పి, ‘మీ ప్రాజెక్టులో పనిచేయాలని ఉంది, దయచేసి మార్గం చూపండి’ అని ముగుస్తుంది. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ (కొత్తవారు ఇలాంటి ప్రాజెక్టుల్లో పనిచేసేలా గూగుల్ నడిపే కార్యక్రమం) దరఖాస్తుల కాలంలో ఇలాంటివి ఒకేసారి చాలా వస్తాయి. రాసినవారి ఆసక్తి నిజమైనదే అయినా అందులో జవాబు చెప్పదగిన ప్రశ్న లేదు. దానికి బదులు, ‘సూచనల ప్రకారం బిల్డ్ చేశాను, ఫలానా దశలో ఈ ఎర్రర్ వచ్చింది, ఈ రెండు మార్గాలు ప్రయత్నించాను’ అని రాస్తే ఎవరో ఒకరు తప్పక పట్టించుకుంటారు. ‘సర్’ అని పిలవడం మన మర్యాద, అందులో తప్పులేదు. కానీ అక్కడ అందరూ ఒకరినొకరు పేరుతోనే పిలుచుకుంటారు, పైగా ఆ ఉత్తరం చదివేవారిలో స్త్రీలూ ఉంటారు. కాబట్టి ‘హలో’ అని మొదలుపెడితే చాలు. ఇంగ్లీషు బాగా రాదని వెనుకాడకండి. ఈ లిస్టుల్లో రాసేవారిలో ఎంతోమందికి ఇంగ్లీషు మాతృభాష కాదు. చిన్న చిన్న వాక్యాల్లో స్పష్టంగా రాస్తే సరిపోతుంది.

సబ్జెక్టు గడిలో ‘సహాయం కావాలి’, ‘అర్జెంట్’ వంటి మాటలు ఎవరికీ ఏమీ చెప్పవు. ‘డెబియన్ 12: స్లీప్ నుంచి లేచాక వైఫై కనెక్ట్ కావడం లేదు’ అని రాస్తే, ఆ విషయం తెలిసినవారు వెంటనే తెరుస్తారు, తరువాత వెతికేవారికీ దొరుకుతుంది. ఉత్తరంలో ఈ క్రమం పాటించండి: మీరు ఏం చేశారు, ఏం జరుగుతుందనుకున్నారు, ఏం జరిగింది. ఆపైన డెబియన్ వెర్షన్, కెర్నెల్ వెర్షన్, వైఫై కార్డు పేరు ఇవ్వండి. ఎర్రర్ మెసేజ్‌ను మీ మాటల్లో చెప్పకుండా, తెరను ఫొటో తీసి పెట్టకుండా, అక్షరాలుగానే కాపీ చేసి పెట్టండి, ఎందుకంటే ఫొటోలోని మాటలను ఆర్కైవ్‌లో వెతకడం కుదరదు. లాగ్ ఫైలు (ఏం జరిగిందో కంప్యూటర్ రాసుకునే ఫైలు) అతికించే ముందు అందులో పాస్‌వర్డులు, మీ వ్యక్తిగత వివరాలు లేవని చూసుకోండి. ఒకసారి ఆర్కైవ్‌లోకి వెళ్లినదాన్ని వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం. ఇదే కారణంగా, మీకు కనిపించినది భద్రతా లోపం అయితే బహిరంగ లిస్టుకు అసలు రాయవద్దు. దానికి పెద్ద ప్రాజెక్టుల్లో సాధారణంగా వేరే చిరునామా ఉంటుంది.

ఉత్తరాన్ని ప్లెయిన్ టెక్స్ట్‌లో, అంటే వట్టి అక్షరాలుగా పంపాలి. రంగులు, బొమ్మలు, హెచ్‌టీఎంఎల్ ఉన్న ఉత్తరాలను కెర్నెల్ లిస్టులు తిప్పికొడతాయి. జీమెయిల్‌ను కంప్యూటర్‌లో తెరిచి ఉత్తరం రాసేచోట మూడు చుక్కల మెనూలో ఆ ఎంపిక దొరుకుతుంది. వరుసకు 80 అక్షరాలు మించకూడదని డెబియన్ నియమం. జీమెయిల్ వాడేవారికి ఇంకొక మాట: లిస్టుకు మీరు పంపిన ఉత్తరం తిరిగి మీ ఇన్‌బాక్స్‌లో కనిపించదు. వెళ్లలేదనుకుని మళ్లీ మళ్లీ పంపకుండా ఆర్కైవ్‌లో చూసుకోండి.

కొత్త ప్రశ్నను ఎప్పుడూ కొత్త ఉత్తరంగానే మొదలుపెట్టాలి. లిస్టు చిరునామా టైపు చేసే శ్రమ ఎందుకని ఏదో పాత ఉత్తరం తెరిచి, రిప్లై నొక్కి, సబ్జెక్టు మార్చి పంపేవారున్నారు. పైకి అది కొత్తదిగానే కనిపించినా, ఇది ఫలానా ఉత్తరానికి జవాబు అని చెప్పే హెడరు లోపల అలాగే ఉండిపోతుంది. అందువల్ల మీ ప్రశ్న ఎవరిదో సంబంధం లేని చర్చ మధ్యలో దూరి, చాలామంది కంటికి కనబడకుండానే పోతుంది.

చర్చలో పాల్గొనడం

జవాబు రాసేటప్పుడు ఎదుటివారి ఉత్తరాన్నంతా కింద వదిలేసి పైన మీ మాట రాయడం ఆఫీసు అలవాటు. లిస్టుల్లో అందుకు భిన్నంగా, మీరు జవాబిస్తున్న రెండు మూడు వరుసలను మాత్రం ఉంచి, మిగతాది తుడిచేసి, ఆ వరుసల కింద మీ మాట రాస్తారు. మధ్యలో చేరినవారు కూడా పైనుంచి కిందికి సంభాషణలా చదువుకోగలగాలన్నది ఇందులోని ఉద్దేశం.

ఎవరికి పంపాలన్న విషయంలో మాత్రం సముదాయానికో నియమం ఉంది. అడిగితే తప్ప ప్రశ్న వేసినవారికి విడిగా ప్రతి పంపవద్దని, లిస్టుకు మాత్రమే రాయమని డెబియన్ చెబుతుంది. కెర్నెల్ లిస్టుల్లో మాత్రం రిప్లై ఆల్ నొక్కి చర్చలో ఉన్న అందరినీ కొనసాగించడమే మర్యాద. ఒకరికే రహస్యంగా జవాబు రాసే అలవాటు ఎక్కడా మంచిది కాదు. లిస్టులో జరగనిది జరగనట్టేనన్న మాట అపాచీ ప్రాజెక్టుల్లో నానుడిగా ఉంది. అక్కడ విడుదలల మీద ఓటింగ్‌ను సాధారణంగా కనీసం 72 గంటలు తెరిచి ఉంచడానికి కారణం కూడా, వేర్వేరు దేశాల్లో వేర్వేరు వేళల్లో పనిచేసేవారందరికీ అవకాశం ఇవ్వడమే. హైదరాబాదులో ఉదయం తొమ్మిదికి మీరు రాసినప్పుడు కాలిఫోర్నియాలో ముందురోజు రాత్రి.

అందుచేత ఓపిక పట్టాలి. సవరణ పంపినవారు మళ్లీ గుర్తుచేసే ముందు కనీసం ఒక వారం ఆగాలని కెర్నెల్ మార్గదర్శకాలు చెబుతాయి. జవాబులు కొన్నిసార్లు పొడిగా, కటువుగా అనిపించవచ్చు. విమర్శ మీ కోడ్ మీదైతే అందులోని సాంకేతిక విషయాన్ని తీసుకుని సమాధానం ఇవ్వండి. వ్యక్తిగత దూషణ అయితే భరించనక్కరలేదు, ప్రవర్తనా నియమావళి కింద ఫిర్యాదు చేయడానికి ఏర్పాటు ఉంటుంది.

సమస్య తీరాక

కొన్నేళ్ల కిందట నా ప్రింటరు ఒక్కసారిగా పనిచేయడం మానేసింది. ఎర్రర్ మెసేజ్‌ను వెతికితే అచ్చం అదే మెసేజ్‌తో ఒక లిస్టు ఆర్కైవ్‌లో పాత ఉత్తరం దొరికింది. నలుగురు ఓపికగా ప్రశ్నలు వేశారు, అడిగిన వ్యక్తి లాగ్‌లు పంపారు, చర్చ సరిగ్గా నాకు కావలసిన చోటికి వచ్చింది. చివరి ఉత్తరం తెరిస్తే ‘సమస్య తీరిపోయింది, అందరికీ ధన్యవాదాలు’ అని మాత్రమే ఉంది. ఎలా తీరిందో ఆయన రాయలేదు. అదే సంగతిని నేను కనుక్కోవడానికి రెండు రోజులు పట్టింది.

అందుకని మీ సమస్య తీరిన రోజున, అదే థ్రెడ్‌లో (ఆ ప్రశ్న, జవాబుల వరుసలోనే), సబ్జెక్టు మొదట్లో ‘పరిష్కారమైంది’ అన్న మాట చేర్చి ఇంకొక ఉత్తరం రాయండి. కారణం ఏమిటో, ఏ ఫైలులో ఏ వరుస మార్చారో, ఏ వెర్షన్‌కు మారాక సరిపోయిందో, ఎవరి సూచన పనిచేసిందో అందులో చెప్పండి. ఐదు వరుసలు చాలు.