పాత ఫ్లాటులో అక్కర్లేని హంగులు: నేను తేల్చుకున్న తీరు
కూకట్‌పల్లిలో మేము తొలిసారిగా కొన్న పాత ఫ్లాటులో హాలంతా ఫాల్స్ సీలింగు, గదికో ఏసీ, వంటింట్లో తేమకు ఉబ్బిపోయిన ప్లైవుడ్ అల్మరాలు ఉండగా, అమ్మకందారు వాటన్నిటికీ విడిగా సొమ్ము అడిగారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 8వ సెక్షన్ ప్రకారం, వేరే ఉద్దేశం వ్యక్తపరచకపోతే, ఇంటి శాశ్వత వినియోగానికి అమర్చినవి ఇంటితోపాటే కొన్నవారికి సంక్రమిస్తాయి. అంటే పనికిరానివీ మన నెత్తినే పడతాయన్నమాట. అందువల్ల ఏవి ఉంచాలో, ఏవి విప్పి తీసుకుపోవాలో, విప్పాక గోడల రంధ్రాలు పూడ్చి లప్పం పెట్టించే ఖర్చు ఎవరిదో అమ్మకపు ఒప్పందంలోనే రాయించి, ఫొటోలు జతచేసి, ఆ పని పూర్తయ్యాకే మిగిలిన సొమ్ములో కొంత చెల్లిస్తామన్న షరతు పెట్టాను. ఏసీలను ఆయన సంతోషంగానే పట్టుకుపోయారు. అల్మరాలను విప్పించడానికి కొంత సణిగినా విప్పించారు. ఫాల్స్ సీలింగును మాత్రం మేమే తీయించుకుని, ఆ కూలిని ధరలో తగ్గించుకున్నాం.