‘సరే సార్’ అనే ముందు

నేను ఉండేది హన్మకొండలో. మడికొండ వైపున్న ఒక చిన్న కంపెనీలో డెవలపర్‌గా చేస్తున్నాను. చేరిన ఎనిమిదో నెలలో నా కోడ్‌ను రివ్యూ చేస్తూ, అంటే వాడకంలోకి వెళ్లేముందు తప్పుల కోసం చదివి చూస్తూ, మా సీనియర్ ఒక కామెంట్ పెట్టారు: "టైమ్ జోన్ సంగతి ఆలోచించారా? ఇలాంటిది రివ్యూకి పంపకండి." చదవగానే ముఖం వేడెక్కింది. రెండు నిమిషాల్లోపే "సరే సార్, మార్చేస్తాను" అని రాసేశాను. ఆయన ఏం అడుగుతున్నారో నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పాలంటే భయమేసింది.

అది కాలేజీ ఫీజులు కట్టించుకునే అప్లికేషన్. సర్వర్ యూటీసీ టైమ్‌లో, అంటే ప్రపంచమంతా లెక్కకు వాడే ప్రామాణిక సమయంలో నడుస్తుంది, మన టైమ్ దానికంటే ఐదున్నర గంటలు ముందు. అందుకే అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున 5:30 లోపు కట్టిన ఫీజులు రోజువారీ రిపోర్ట్‌లో ముందు రోజు లెక్కలోకి పోతున్నాయి. ఆయన అన్నది అది. నేను చేసింది ఏమిటంటే, పేమెంట్ సేవ్ అయ్యే చోట ఐదున్నర గంటలు కలిపేశాను. కానీ లేట్ ఫీ కోసం తేదీ తీసే ఫంక్షన్ వేరే ఉంది, అది అప్పటికే ఐదున్నర గంటలు కలుపుతోంది. దాంతో సాయంత్రం 6:30 దాటాక కట్టిన ప్రతి ఫీజూ అక్కడ మర్నాటి తేదీలో పడింది. ఆఖరి రోజు సాయంత్రం కట్టిన పిల్లలకు లేట్ ఫీ పడింది. సరే అన్నాను కాబట్టి నాకు అర్థమైందనుకుని ఆయన కూడా రెండోసారి లోతుగా చూడలేదు. కాలేజీవాళ్లు ఒక తండ్రి ఫోన్ మాకు కలిపారు. "టైముకే కట్టిన గద బిడ్డా" అన్నాడాయన. ఆ గొంతు నేను మర్చిపోలేదు.

విమర్శకు ఎదురు చెప్పడం జూనియర్ల తప్పు అంటారు చాలామంది. మన దగ్గర అసలు సమస్య అది కాదని నా నమ్మకం. పెద్దవాళ్లు ఏదైనా అంటే తల ఊపడం చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ తలూపుడు కోడ్‌లోకి వచ్చేస్తుంది. అందుకే ఇప్పుడు నేను పాటించే పద్ధతి చెబుతున్నాను.

కామెంట్ రాగానే జవాబు రాయకండి. లేచి నీళ్లు తాగి రండి. తర్వాత దాన్ని నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకోండి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నాకు దీనివల్ల చాలా మేలు జరిగింది. "వై ఈజ్ దిస్ హియర్?" అని చదివితే ఎవరో కసిరినట్టు ఉంటుంది. "ఈ లైను ఇక్కడెందుకుంది?" అని రాసుకుంటే అది మామూలు ప్రశ్న. దానికి జవాబు వెతకొచ్చు.

ఆ తర్వాత సీనియర్ చెప్పిన తప్పును మీ కంప్యూటర్‌లో మీరే పుట్టించి చూడండి. ఇది వదిలేస్తే మిగతాదంతా వృథా. నేను ఆ రోజు తెల్లవారుజామున మూడింటి తేదీతో ఒక్క పేమెంట్ వేసి రిపోర్ట్ తీసి ఉంటే ఐదు నిమిషాల్లో సంగతి తెలిసేది. మా బాపు కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు, 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన వరంగల్ జంపఖానాలే. సరుకు తీసుకునే సొసైటీ మనిషి "ఇక్కడ పోగు తప్పింది" అంటే బాపు వెంటనే ఒప్పుకునేవాడు కాదు, కాదనేవాడూ కాదు. "ఏడ?" అని దగ్గరికి వెళ్లి, ఆ పోగు మీద వేలు పెట్టి చూసేవాడు. వేలికి తగిలాకే మాట్లాడేవాడు.

ఇక జవాబు. నేనైతే ఇలా రాస్తాను: "తెల్లవారుజామున కట్టినవి ముందు రోజులో పడుతున్నాయని మీ ఉద్దేశం అనుకుంటున్నాను. మూడింటి పేమెంట్‌తో చూశాను, నిజమే. సేవ్ చేసేది యూటీసీలోనే ఉంచి, రిపోర్ట్ తీసేటప్పుడు మన టైమ్‌లోకి మారుస్తాను. రేపు మధ్యాహ్నానికి టెస్ట్‌తో సహా పంపుతాను. నేను వేరేలా అర్థం చేసుకుంటే చెప్పండి." ఆఖరి వాక్యం తప్పక ఉండాలి. పది సార్లు సారీ చెప్పాల్సిన అవసరం లేదు.

మార్పులు చిన్న చిన్న కమిట్లుగా (ఒక్కో మార్పును విడిగా సేవ్ చేసి) పంపండి, ఏ కామెంట్‌కు ఏ కమిట్ అన్నది దాని కిందే రాయండి. రివ్యూ నడుస్తుండగా ఫోర్స్ పుష్ చేయకండి, అంటే ముందు పంపిన కమిట్లను చెరిపేసి వాటి మీద కొత్తవి పెట్టకండి. చూసేవాళ్లకు ఏది కొత్తగా మారిందో తెలియకుండా పోతుంది.

సీనియర్ చెప్పింది ప్రతిసారీ ఒప్పే కావాలని లేదు. ఒకసారి డేటాబేస్‌లోని జిల్లాల టేబుల్‌కు ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పెట్టే సూచిక) పెట్టమన్నారు. అందులో ఉన్నవి 33 వరుసలు. "ఇండెక్స్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి నడిపాను, తేడా కనబడలేదు, టైమింగ్స్ ఇవిగో" అని పెట్టాను. "అయితే వద్దు" అన్నారు. కొలిచి చూపిస్తే ఎవరి అహమూ దెబ్బతినదు.

మీటింగ్‌లో అందరి ముందూ అంటే అక్కడే వాదనకు దిగకండి. "రాసుకున్నాను సార్, నాలుగింటికి మీ దగ్గరికి వచ్చి వివరంగా అడుగుతాను" అనండి, నాలుగింటికి నిజంగా వెళ్లండి. వెళ్లకపోతే ఆ మాటకు విలువ ఉండదు.

కోడ్ మీద కాకుండా మీ యాస మీద, మీ ఇంగ్లిష్ మీద, మీరు చదివిన కాలేజీ మీద మాట వస్తే అది ఫీడ్‌బ్యాక్ కాదు. దాన్ని ఓర్చుకోమని నేను చెప్పను. తేదీ, అన్న మాట, అక్కడ ఎవరున్నారు అన్నది ఆ రోజే రాసిపెట్టి మేనేజర్‌కు మెయిల్ చేయండి. ఐబీఎమ్‌లో మైకేల్ ఫేగన్ 1976లో కోడ్ తనిఖీ పద్ధతి మీద రాసిన వ్యాసం ప్రకారం తనిఖీ సమావేశం పని తప్పులు పట్టుకోవడం మాత్రమే, దిద్దడం ఆ తర్వాతి దశ. రాసిన మనిషిని తూకం వేయడం అందులో భాగం కాదు.

ఇప్పుడు నా పక్క సీట్లో పరకాల నుంచి వచ్చిన ఒక కొత్త అబ్బాయి ఉన్నాడు. మొన్న అతని కోడ్ మీద నాలుగు కామెంట్లు పెట్టాను. నిమిషంలో "సరే అక్కా" అని వచ్చింది. కుర్చీ అతని వైపు లాక్కుని, "మొదటిది ఏం అర్థమైందో నాకు చెప్పు తమ్ముడూ" అన్నాను. చాలాసేపు స్క్రీన్ వైపే చూసి, "అర్థం కాలేదక్కా" అన్నాడు. అక్కడి నుంచి మొదలుపెట్టాం.