చెట్లకి పేర్ల బోర్డులు పెట్టే ముందు

జులై మొదటి వారంలో వన మహోత్సవం కదా, కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు క్యాంపస్‌లో చెట్ల బాట, అంటే బోర్డుల మీద చెట్ల పేర్లు చదువుకుంటూ నడిచే దారి, వేద్దామని తయారవుతుంటారు. బోర్డులు ప్రింటింగ్‌కి ఇచ్చేలోపు ఇవి చూసుకోండి.

• పేరు ఖాయమయ్యాకే ప్రింటింగ్. తప్పు పేరు పడితే చూసిన ప్రతి పిల్లాడూ అదే నేర్చుకుంటాడు. కాంపౌండ్ గోడల వెంట నిటారుగా పెరిగే, అందరం అశోక అనేసే చెట్టు నిజానికి నరమామిడి. దాని ఆకు ఒంటి ఆకు, అంచు అలలా ఉంటుంది. అసలు అశోకకి ఒకే ఈనెకి ఇరువైపులా జంటలుగా ఆకులు, కాండం మీద కూడా నారింజ రంగు పూల గుత్తులు. ఫోన్ యాప్ చెప్పింది కదా అని వదిలేయకుండా బోటనీ మేడమ్‌కి ఆకు, బెరడు, కాయ మూడూ చూపించండి.

• మేకులు వద్దు. బెరడుకి గాయమైతే పురుగూ బూజూ చేరతాయి. తీగ బిగించి కట్టినా చెట్టు లావయ్యేకొద్దీ లోపలికి కోసుకుపోతుంది. పక్కనే కర్ర పాతి దానికి బోర్డు పెట్టడం మేలు.

• నల్లజీడి రసం తగిలితే బొబ్బలు లేస్తాయి, పచ్చగన్నేరు గింజలు విషం. ఆ బోర్డుల మీద ‘ముట్టుకోవద్దు’ అని పెద్దక్షరాల్లో రాయండి.

• తలెత్తి కొమ్మలు చూడండి. తేనెపట్టు ఉంటే ఆ చెట్టు ఈసారికి వదిలేయండి.

• క్యూఆర్ కోడ్ ఒక్కటే పెడితే చూడ్డానికొచ్చిన, ఫోన్ లేని ఐదో తరగతి పిల్లాడికి ఏం లాభం? తెలుగు పేరు, ఒక ఉపయోగం బోర్డు మీదే ఉండాలి, అదీ వాడి కంటికి అందే ఎత్తులో.